హతశేషుల ప్రశ్న: ఉగ్రవాద నివారణపై బౌద్ధ రాజనీతి, దక్షిణాసియా అనుభవం

దీఘనికాయంలోని కూటదంత సుత్తాన్ని మనం సాధారణంగా జంతుబలిని నిరసించిన ప్రవచనంగా చదువుతాము. మగధదేశంలోని ఖాణుమతంలో కూటదంతుడనే బ్రాహ్మణుడు ఒక్కొక్క జాతి పశువులను ఏడేసి వందల చొప్పున యూపస్తంభాల వద్దకు తెప్పించి, యజ్ఞవిధానాన్ని తెలుసుకొనడానికి బుద్ధుని వద్దకు వస్తాడు. రక్తపాతం లేని యజ్ఞాన్ని గురించి విని ఆ పశువులను విడిచిపెడతాడు. ఇంతవరకు అందరికీ తెలిసినదే. అయితే బుద్ధుడు చెప్పిన పూర్వకథలో యజ్ఞవిధానానికి ముందే మరొక సమస్య ఎదురవుతుంది. మహావిజితుడనే రాజు మహాయజ్ఞం సంకల్పించగా పురోహితుడు అడ్డుపడతాడు. రాజ్యంలో గ్రామాలు, నిగమాలు, నగరాలు దోపిడికి గురవుతున్నాయని, బాటలు భద్రంగా లేవని, ఇట్టి స్థితిలో ప్రజలపై కొత్త పన్ను వేయడం అధర్మమని చెబుతాడు.

రాజ్యాన్ని పీడించే ఈ ఉపద్రవానికి సుత్తం వాడిన మాట దస్సుఖీలం. దస్యులనే మేకు అని దాని భావం. వధ, బంధనం, ధనదండన, నింద, దేశబహిష్కరణ అనే ఉపాయాలతో ఆ మేకును పెకలించగలనని రాజు అనుకొనవచ్చు. కాని అది సమూలంగా పోదని పురోహితుడు హెచ్చరిస్తాడు. అందుకు అతడు చూపిన కారణం మన చర్చకు కీలకం. చంపగా మిగిలినవారు, హతావసేసకులు, తర్వాత రాజ్యాన్ని పీడిస్తారు. అంటే శిక్షాబలాన్ని కొలిచేటప్పుడు ఎందరు చచ్చారన్నది ఒక్కటే కొలబద్ద కాదు. మిగిలినవారు ఏ మనస్సుతో మిగిలారన్నదీ కొలవాలి. కృషి, గోరక్షణ చేయగలవారికి విత్తనాలు, దాణా. వర్తకం చేయగలవారికి పెట్టుబడి. రాజసేవకు తగినవారికి భత్యం, వేతనం ఇవ్వాలన్నది పురోహితుని సలహా. రాజు అట్లే చేయగా ప్రజలు తమ తమ పనులలో నిమగ్నులై, తలుపులు తెరచి నిద్రించగలిగారని కథ ముగుస్తుంది.

ప్రాచీన దస్యుడు, నేటి ఉగ్రవాది ఒకటే అని ఈ వ్యాసం వాదించదు. దారిదోపిడి చేసేవాడు ధనం కోరతాడు. ఉగ్రవాది ఒక రాజకీయ లేదా మతలక్ష్యం కోసం, యుద్ధంతో సంబంధం లేని సామాన్యులను చంపి, బతికి ఉన్నవారిలో భయం నింపుతాడు. ఈ భేదాన్ని మరచి సుత్తాన్ని నేటి పాలనకు సూత్రగ్రంథంగా చూపడం చరిత్రకారుని పని కాదు. కాని హింసకు గురైన రాజ్యం ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్న ప్రశ్న మన సంప్రదాయానికి కొత్తది కాదని, దానిపై బౌద్ధ వాఙ్మయంలోను, శాసనాలలోను స్పష్టమైన, కొన్నిచోట్ల పరస్పర విరుద్ధమైన ఆలోచన ఉన్నదని చూపడం ఆవశ్యకం. బౌద్ధ క్షేత్రాలే దాడులకు గురైన కాలంలో, బౌద్ధులు అధికసంఖ్యాకులైన రాజ్యమే ఈ పరీక్షను ఎదుర్కొన్న కాలంలో, ఈ చర్చ నుంచి మనం తప్పుకొనలేము.

కాలం తప్పిన దానం, కాలం తప్పిన దండన

కూటదంత సుత్తాన్ని ఒంటరిగా చదివితే ధనం పంచితే హింస ఆగిపోతుందన్న సులభమైన భావం కలుగుతుంది. అదే నికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం ఈ భావాన్ని సరిచేస్తుంది. అందులో ఒక రాజు ప్రజలకు రక్షణ కల్పించాడు గాని నిర్ధనులకు ధనం సమకూర్చలేదు. దారిద్ర్యం పెరిగి ఒకడు దొంగతనం చేశాడు. పట్టుబడిన వానికి జీవనోపాధికై రాజు ధనమిచ్చి పంపాడు. దొంగిలిస్తే రాజు ధనమిస్తాడన్న వార్త పాకి దొంగతనాలు పెరిగాయి. అప్పుడు రాజు పంథా మార్చి ఒకని తల నరికించాడు. అది చూసినవారు తామూ పదునైన కత్తులు చేయించుకొని, దోచుకొన్నవారిని ప్రాణాలతో విడువకుండా చంపసాగారు.

ఈ కథలో రాజు చేసిన రెండు పనులూ విఫలమయ్యాయి. మొదటిది నేరం జరిగిన తర్వాత వచ్చిన దానం. అది నేరానికి బహుమతిగా కనిపించింది. రెండవది పాఠం నేర్పదలచిన క్రూరదండన. దానినుంచి ప్రజలు నేర్చినది క్రూరత్వాన్నే. న్యాయమైన జీవికను, న్యాయమైన ఫిర్యాదును రాజ్యం ముందుగా, శాంతికాలంలో పట్టించుకోవాలి. బాంబు పేలిన మరునాడు వెలికివచ్చే ఔదార్యం బాంబుకే ఖ్యాతి తెస్తుంది. ఆనాడే వెలికివచ్చే ప్రతీకారమూ అంతే.

భిక్షుసంఘం గీసుకొన్న గీత

కరుణ పేరుతో రాజ్యం శిక్షాధర్మాన్ని విడిచిపెట్టాలని బుద్ధశాసనం కోరిందా? వినయపిటకం అట్లు చెప్పదు. మహావగ్గంలోని ప్రవ్రజ్యా నియమాలలో రెండు ఇక్కడ గమనార్హం. మగధ సరిహద్దులో అలజడి రేగగా, దానిని అణచడానికి నియుక్తులైన యోధులు కొందరు యుద్ధం పాపమని భావించి సంఘంలో చేరారు. బింబిసారుడు విన్నవించగా, రాజసేవలో ఉన్నవారికి ప్రవ్రజ్య ఇవ్వరాదని బుద్ధుడు నియమం చేశాడు. సరిహద్దును కాపాడడం రాజ్యం పని అని, ఆ పనిని సంఘం లోపలినుంచి కూల్చరాదని ఈ నియమం అంగీకరించింది.

రెండవది అంగుళిమాలునికి సంబంధించినది. అతడు మారిన మనిషి అన్నది మనం తరచు చెప్పుకొనే భాగం. ప్రసేనజిత్తు అయిదువందల అశ్వికులతో అతనిని పట్టడానికి బయలుదేరి, శాంతుడై కూర్చున్న భిక్షువును చూసి వెనుదిరిగాడు. కాని కథ అక్కడ ఆగలేదు. శ్రావస్తిలో భిక్షకు వెళ్లిన అంగుళిమాలునికి రాళ్లు, కర్రలు తగిలాయి. తల పగిలి, పాత్ర పగిలి, చీవరం చిరిగి తిరిగివచ్చాడు. బుద్ధుడు అతనిని ఓర్చుకొమ్మన్నాడేగాని, కొట్టినవారిని తప్పుపట్టలేదు. ప్రజలు భయపడి విమర్శించగా, పేరుమోసిన దొంగకు ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం వచ్చింది. హంతకునిలోని మార్పును నమ్మడం ఎంత ధర్మమో, బాధితుల భయాన్ని, దుఃఖాన్ని గౌరవించడమూ అంతే ధర్మమని, సంఘం నేరస్థులకు దాగుడుచోటు కారాదని ఈ రెండు ఘట్టాలూ కలిపి చెబుతాయి. నేటి మాటలలో చెప్పాలంటే, లొంగిపోయిన ఉగ్రవాదికి పునరావాసం కల్పించే పథకం ఏదైనా, అతని చేతిలో నష్టపోయిన కుటుంబాన్ని ముందు తలచుకోవాలి.

ఎర్రగుడి నుంచి ధౌళి వరకు

రాజ్యం వైపునుంచి వచ్చిన సాక్ష్యంలో అశోకుని శాసనాలను మించినది లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండబండలపై పధ్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ చెక్కబడి ఉన్నాయి. వాటిలో పదమూడవది కళింగయుద్ధాన్ని చెబుతుంది. లక్షమంది హతులైనారని, లక్షా యాభైవేల మందిని తరలించారని, అంతకు ఎన్నోరెట్ల మంది మరణించారని విజేతయే లెక్క చెప్పి పశ్చాత్తాపపడ్డాడు. ఆంధ్రులను ప్రస్తావించిన తొలి శాసనాధారాలలో ఇదొకటి కావడంవల్ల తెలుగు పరిశోధకులకు ఇది సుపరిచితం. అయితే ఇదే శాసనం అటవీజనులను కూడా ప్రస్తావిస్తుంది. క్షమించదగిన దానిని క్షమిస్తానంటూనే, పశ్చాత్తాపంలోనూ తనకు శక్తి ఉన్నదని, తప్పు విడిచి వధను తప్పించుకొమ్మని వారిని అశోకుడు హెచ్చరించాడు. కనుక అశోకుడు దండాన్ని త్యజించలేదు. దండానికి ముందు ఒక అవకాశాన్ని నిలిపాడు. స్తంభశాసనాలలో మరణశిక్ష పడినవారికి మూడునాళ్ల గడువు ఇచ్చినదీ ఈ దృష్టితోనే.

ఓడిన నేలమీద చెక్కించిన శాసనాలు మరింత ఆలోచింపజేస్తాయి. కళింగలోని ధౌళి, జౌగడలలో పదకొండు నుంచి పదమూడు వరకు గల శాసనాలు కనిపించవు. వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. కర్ణాటకలోని సన్నతిలోనూ ఈ ప్రత్యేక శాసనాలు లభించాయి కనుక వాటిని కళింగకే పరిమితం చేసి వ్యాఖ్యానించరాదు. అయినా, యుద్ధంలో తమవారిని పోగొట్టుకొన్న జనం మధ్య అశోకుడు చెక్కించినది తన పశ్చాత్తాపం కాదు, తన అధికారులకు ఇచ్చిన ఆజ్ఞలు. ప్రజలందరూ తన సంతానమన్నాడు. న్యాయవిచారణ జరిపే నగరాధికారులు అకారణంగా ఎవరినీ బంధించరాదని, వేధించరాదని ఆదేశించాడు. అసూయ, కోపం, నిష్ఠురత్వం, తొందరపాటు, అభ్యాసలోపం, సోమరితనం, అలసట అనే ఏడు దోషాలు న్యాయాన్ని చెరుపుతాయని పట్టిక చేశాడు. ఈ ఆజ్ఞ అమలవుతున్నదా లేదా అని చూడడానికి అయిదేండ్లకొకమారు కఠినుడు కాని మహామాత్రుని పర్యటనకు పంపుతానని, ఉజ్జయిని, తక్షశిలలనుంచి రాకుమారులు మూడేండ్లు మించకుండా అట్లే పంపాలని నిర్దేశించాడు.

పశ్చాత్తాపాన్ని దూరప్రాంతాలకు చాటి, కళింగులకు మాత్రం చెప్పకపోవడం అశోకుని జాగ్రత్తపరత్వమని కొందరు విమర్శిస్తారు. ఆ విమర్శలో బలం ఉన్నది. అయినప్పటికీ, ఇటీవల జయించిన, అనుమానాస్పదమైన సరిహద్దులో ఒక చక్రవర్తి మొదట అదుపు చేయదలచినది ప్రజలను కాదు, తన అధికారులనే అన్నది చరిత్రలో అరుదైన విషయం.

లెక్కలోకి రాని మనుషులు

మన సంప్రదాయంలో దీనికి భిన్నమైన గొంతూ ఉన్నది. దానిని దాచడం పరిశోధకునికి తగదు. మహావంశం ఇరవై అయిదవ అధ్యాయంలో యుద్ధంలో గెలిచి, చచ్చినవారిని తలచి కుమిలిపోతున్న దుట్ఠగామణి రాజును అర్హతులు వచ్చి ఓదారుస్తారు. హతులలో మనుషులుగా లెక్కించదగినవారు ఒకటిన్నర మందేనని, ఒకడు త్రిశరణాలు పొందినవాడు, మరొకడు పంచశీలాలు గ్రహించినవాడని, తక్కినవారు పశుప్రాయులని అంటారు. అశోకుడు శత్రువులోని ప్రతి మృతుణ్ణీ లెక్కపెట్టి దుఃఖించాడు. ఇక్కడ లెక్కను కుదించి దుఃఖాన్ని పోగొట్టారు. రెండూ బౌద్ధుల రచనలే. వీటిలో ఏది మనదన్న ప్రశ్న శ్రీలంకలో కేవలం గ్రంథచర్చగా మిగలలేదు.

1979లో శ్రీలంక ఉగ్రవాద నిరోధ చట్టాన్ని తాత్కాలికమని చెప్పి తెచ్చింది. 1982లో దానిని శాశ్వతం చేసింది. న్యాయస్థానం ముందు అభియోగం లేకుండానే మంత్రి ఆజ్ఞతో పద్దెనిమిది నెలలవరకు నిర్బంధించడానికి, పోలీసు అధికారి ముందు చెప్పిన ఒప్పుకోలును సాక్ష్యంగా స్వీకరించడానికి అది వీలు కల్పించింది. 1983 జులై 23 రాత్రి యాళ్పాణంలోని తిరునెల్వేలి వద్ద తమిళ పులుల మెరుపుదాడిలో 13 మంది సైనికులు చనిపోయారు. అది హత్యే. దానికి బాధ్యులను పట్టి శిక్షించడం రాజ్యధర్మమే. కాని మరునాటి నుంచి కొలంబోలోను, ఇతర పట్టణాలలోను ఆ దాడితో ఏ సంబంధమూ లేని తమిళుల ఇళ్లు, దుకాణాలు తగులబడ్డాయి, అనేకులు హతులైనారు. రాజ్యం స్వయంగా బంధించి ఉంచిన వెలిక్కడ చెరసాలలోనే జులై 25, 27 తేదీలలో 53 మంది తమిళ ఖైదీలను చంపారు. ఆ వారంలో దేశం విడిచినవారు, అడవులకు వెళ్లి ఆయుధం పట్టినవారు సుత్తం చెప్పిన హతశేషులే. సంఖ్యలో చిన్నదైన ఒక సాయుధబృందం పెద్ద సైన్యంగా ఎదగడంలో ఆ జులై మాసపు పాత్రను చరిత్రకారులు విస్తృతంగా గుర్తించారు.

ఆ సైన్యం చేసిన హింసను తక్కువచేసి చూపడానికి ఇది కారణం కారాదు. 1985 మే 14న అనురాధపురంలో, శ్రీమహాబోధి వద్ద పూజలో ఉన్నవారితో సహా దాదాపు 150 మందిని కాల్చిచంపారు. 1987 జూన్ 2న అరంతలావ వద్ద బస్సులో వెళుతున్న ముప్పైమందికి పైగా భిక్షువులను ఊచకోత కోశారు. వారిలో అత్యధికులు బాలశ్రామణేరులు. 1990 ఆగస్టు 3న కాట్టాన్‌కుడిలో ప్రార్థన చేస్తున్న వందమందికి పైగా ముస్లింలను రెండు మసీదులలో చంపారు. 1998 జనవరి 25న మహనువరలోని దంతధాతు మందిరం ముందు బాంబులారీని పేల్చారు. ఈ ఘటనలలో ఏ ఒక్కదానికీ 1983 సమాధానం కాదు, సమర్థన అంతకన్నా కాదు. శ్రామణేరుని చంపినవాని నేరం వానిదే. కాని వానికి అనుచరులు ఎక్కడినుంచి దొరికారన్న ప్రశ్న రాజ్యానిది. ఈ రెండు వాక్యాలనూ ఒకేసారి పలకగలగడమే ఉగ్రవాదంపై వివేకవంతమైన చర్చకు ఆరంభం.

2009 మే నెలలో యుద్ధం ముగిసింది. తమిళ పులుల సంస్థ సైనికంగా నిర్మూలమైంది. ఈ వాస్తవాన్ని చూపి, సైనికబలమే పరిష్కారమని వాదించేవారు ఉన్నారు. ఆయుధం పట్టిన సంస్థను ఆయుధంతో ఓడించవలసి రావచ్చునన్న మేరకు వారి మాట కాదనలేము. అయితే ఇరవైఆరేండ్ల యుద్ధం, చివరి నెలలలో చిక్కుకొని మరణించిన సామాన్య జనం, ఆచూకీ తెలియక నేటికీ బంధువులు వెదుకుతున్నవారు, వీరందరూ ఆ విజయపు మూల్యంలో భాగమే. ఆ మూల్యం 1983లో తప్పించగలిగినది.

ముందే తెలిసిన ప్రమాదం

ఇక ఒక బలమైన ఆక్షేపణ మిగిలి ఉన్నది. నేటి ఉగ్రవాది పేదవాడు కానక్కరలేదు. 2019 ఏప్రిల్ 21న, ఈస్టరు నాడు శ్రీలంకలోని మూడు చర్చిలలో, మూడు హోటళ్లలో జరిగిన ఆత్మాహుతి దాడులు 260 మందికి పైగా ప్రాణాలు తీశాయి. దాడి చేసినవారిలో ఇద్దరు ఒక సంపన్న సుగంధద్రవ్యాల వ్యాపారి కుమారులు. విత్తనాలు, పెట్టుబడి, వేతనం వారిని ఆపి ఉండేవి కావు. ఇది నిజం. జీవిక ఒక్కటే సర్వరోగ నివారిణి అన్న వాదం ఇక్కడ నిలవదు.

అయితే ఈ దాడిని ఆపలేకపోవడానికి చట్టాలు చాలకపోవడం కారణం కాదు. ఉగ్రవాద నిరోధ చట్టం అప్పటికి నలభై ఏండ్లుగా అమలులో ఉన్నది. దాడికి రెండువారాలకు ముందే భారతదేశంనుంచి సమాచారం అందింది. దాడికి నాయకత్వం వహించిన ప్రచారకుని గురించి అతని ఊరి ముస్లింలే ఏండ్లకు ముందు అధికారులకు ఫిర్యాదు చేసి ఉన్నారు. ఆ హెచ్చరికలపై చర్య తీసుకోలేదు. ఈ నిర్లక్ష్యానికి గాను 2023 జనవరిలో శ్రీలంక సర్వోన్నత న్యాయస్థానం నాటి దేశాధ్యక్షుణ్ణి, ఉన్నతాధికారులను బాధ్యులుగా నిర్ణయించి, మాజీ అధ్యక్షుడు పదికోట్ల రూపాయలు పరిహారంగా చెల్లించాలని ఆదేశించింది. అశోకుడు పట్టిక చేసిన దోషాలలో అభ్యాసలోపం, సోమరితనం ఎందుకు ఉన్నవో దీనివల్ల తెలుస్తుంది. అధికారి క్రూరత్వం ఒక నిరపరాధిని చెరలో పెడితే, అధికారి అలసత్వం వందలమంది నిరపరాధులను సమాధిలో పెడుతుంది.

ఈ ఉదంతంలో మరొక పాఠం ఉన్నది. ప్రమాదాన్ని మొదట పసిగట్టినది ఆ సముదాయం వారే. అయినా దాడుల తర్వాత 2019 మే నెలలో వాయవ్య ప్రాంతంలో ముస్లింల మసీదులపై, దుకాణాలపై మూకదాడులు జరిగాయి. ఒక సముదాయాన్ని మొత్తంగా దోషిగా చూడడం అన్యాయమన్నది నీతి. తెలిసినది చెప్పగలవారి నోరు మూయించడం అవివేకమన్నది రాజనీతి. భయపడిన పొరుగువాడు ఫిర్యాదు చేయడు.

మన దేశపు రెండు ఉదాహరణలు

2013 జులై 7న బోధగయ మహాబోధి ఆలయ ప్రాంగణంలో, పరిసరాలలో వరుస పేలుళ్లు జరిగి ఇద్దరు భిక్షువులు గాయపడ్డారు. మయన్మారులో రోహింగ్యాలపై జరిగిన హింసకు ప్రతీకారమే దీని ఉద్దేశమని దర్యాప్తు సంస్థ పేర్కొన్నది. ఒక దేశంలో బౌద్ధుల పేరుతో జరిగిన హింసకు మరొక దేశంలోని బోధివృక్షం లక్ష్యమైంది. ఆ పేలుళ్ల పేరుతో మన దేశంలో ఏ సముదాయంపైనా భిక్షువులు చేయెత్తలేదు. పూజలు తిరిగి మొదలయ్యాయి. దర్యాప్తు సాగింది. 2018లో పాట్నాలోని ప్రత్యేక న్యాయస్థానం అయిదుగురిని దోషులుగా నిర్ణయించి జీవితఖైదు విధించింది. అయిదేండ్లు పట్టినా శిక్ష దోషుల వద్దకు చేరి, అక్కడే ఆగింది.

రెండవది మన హైదరాబాదుది. 2007 ఆగస్టు 25న, హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధవిగ్రహానికి ఎదుట, బుద్ధుని జన్మస్థలం పేరు పెట్టుకొన్న లుంబినీ పార్కులోను, గోకుల్ ఛాట్‌లోను జరిగిన పేలుళ్లలో నలభైమందికి పైగా మరణించారు. ఆ కేసులో విచారణ జరిగి 2018లో శిక్షలు పడ్డాయి. 2007లోనే మే 18న మక్కామసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాతి దర్యాప్తులో అరెస్టయిన స్థానిక యువకులు పలువురిని న్యాయస్థానాలు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. నాటి రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం ప్రకటించవలసి వచ్చింది. చెరలో పోయిన కాలం పరిహారంతో తిరిగిరాదు. అంతేకాక, నిరపరాధి చెరలో ఉన్నంతకాలం అసలు దోషి బయట ఉంటాడు. అకారణ బంధనాన్ని అశోకుడు ప్రజాక్షేమ విషయంగా చూసినది ఇందుకే. అది భద్రతకు సంబంధించిన విషయం కూడా.

ముగింపు

ఈ ఆధారాలనుంచి తేలేది ఒక్కటే. ఉగ్రవాదానికి శిక్ష తప్పనిసరి. అది నిశ్చయంగా దోషి వద్దకు చేరాలి. దోషి వద్దనే ఆగాలి. చేరకపోతే బాధితులకు అన్యాయం. ఆగకపోతే హతశేషులు మిగులుతారు. శిక్షకు చాలాముందే న్యాయమైన జీవిక, వినబడే ఫిర్యాదు, మేలుకొని ఉన్న అధికారి, ఆ అధికారిని తనిఖీ చేసే మరొక అధికారి ఉండాలి. తాత్కాలికమని చెప్పి తెచ్చిన అసాధారణ చట్టం తాత్కాలికంగానే ముగియాలి.

ఇందులో రాజ్యానిది పెద్దపాలు. మనకు మిగిలినది చిన్నదైనా, దానిని ఇతరులు చేయలేరు. పరిశోధకులు అనురాధపురం మృతులనూ, వెలిక్కడ మృతులనూ, కాట్టాన్‌కుడి మృతులనూ ఒకే లెక్కలో చేర్చి నమోదు చేయాలి. భిక్షువులు దాడి జరిగిన మరునాటి ధర్మోపదేశంలో ఎవరినీ పశుప్రాయులుగా పలకరాదు. ఎవరైనా పలికితే మౌనం వహించరాదు. ధౌళి ప్రత్యేక శాసనాన్ని తిష్యనక్షత్రం నాడు చదివి వినిపించాలని, మధ్యకాలంలో వినడానికి ఒక్కడే ఉన్నా అతనికైనా వినిపించాలని అశోకుడు ఆజ్ఞాపించాడు. పేలుడు వార్త వచ్చిన ప్రతి ఉదయం ఆ శాసనాన్ని చదువవలసిన తిష్యదినమే.